నాన్న కోసం వెలిగించిన కొవ్వొత్తి, అమ్మకు కనిపించిన చేతబడి

ప్రశ్న:

అక్కా, నాకు 24 ఏళ్ళు. తిరుపతి కొర్లగుంటలో అమ్మ, అవ్వ, నేను ఉంటాం. ఎమ్మెస్సీ చేసి ఒక ప్రైవేటు ఆఫీసులో పని చేస్తున్నాను. రెండేళ్ళ క్రితం నాన్న పోయారు. కర్మలన్నీ చిన్నాన్న కొడుకు చేశాడు. అప్పటి నుంచి అమ్మ జాతకాలు, దోషాలు, పూజలు అంటూ తిరుగుతోంది. నాకు మాత్రం గుడికెళ్తే ఏమీ అనిపించడం లేదు. ఫోన్లో వీడియోలు చూస్తుంటే విక్కా అని, పాశ్చాత్య దేశాల మంత్రవిద్యా మతం గురించి తెలిసింది. పౌర్ణమికి కొవ్వొత్తి వెలిగించడం, జోస్యం చూసే టారో కార్డులు, మూలికలు, సొంతంగా మంత్రాల పుస్తకం రాసుకోవడం... నిజం చెప్తున్నా, ఈ ఏడాదిలో నాకు కాస్త ప్రశాంతత దొరికింది ఇందులోనే. ఆన్‌లైన్‌లో ఒక మేడమ్ నేర్పిస్తున్నారు. "మీ నాన్న చావు తాలూకు నెగటివ్ ఎనర్జీ నీ మీద ఉంది, దీక్ష తీసుకోవాలి" అని 18 వేలు అడుగుతున్నారు. ఇప్పటికే 3 వేలు కట్టాను, ఫొటో, పుట్టిన వేళ పంపాను. ఇంట్లో చెప్పొద్దన్నారు. మా ఆఫీసులో ఒక సీనియర్ రాత్రిళ్ళు పిచ్చి మెసేజ్‌లు పెడుతున్నాడు. అతన్ని కట్టేసే స్పెల్ (మంత్రం) కూడా పుస్తకంలో రాసుకున్నాను. పోయిన వారం అమ్మ ఆ పుస్తకం, నల్ల కొవ్వొత్తి, చుట్టూ పోసిన ఉప్పు చూసి "ఎవురికి చేస్తా ఉండావు మే ఇది" అని ఒకటే ఏడుపు. ఎవరో స్వామి దగ్గరికి తీసుకెళ్తానంటోంది. నేను చేస్తున్నది పాపమా? దీక్ష తీసుకోవాలా? అమ్మకు ఎలా చెప్పాలి? పోనీ కార్డులైనా ఉంచుకోవచ్చా?

— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను. వెంటనే తేలిపోయేవి ముందు చెప్పేస్తా. ఆ 18 వేలు కట్టొద్దు. అమ్మ చెప్పిన స్వామి దగ్గరికీ వెళ్ళొద్దు. కొవ్వొత్తి వెలిగించి చంద్రుణ్ణి చూడటం పాపం కాదు. మీ ఆఫీసు మనిషి సంగతి మాత్రం స్పెల్‌తో తేలేది కాదు, దాని గురించి విడిగా మాట్లాడుకుందాం.

నీ ఉత్తరంలో అన్నిటికంటే చిన్న వాక్యం ఒకటుంది: "కర్మలన్నీ చిన్నాన్న కొడుకు చేశాడు." దాని ముందూ వెనకా ఏమీ రాయలేదు నువ్వు. కొడుకులు లేని ఇళ్ళలో జరిగేదే కదా అని నీకూ అనిపించి ఉంటుంది. ఇంటినిండా జనం, పిండాలు, నువ్వులు, నీళ్ళు, పురోహితుడు చెప్పే మంత్రాలు. అన్ని రోజుల తంతులో కూతురి చేతికి ఒక్క పనీ ఉండదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వడం, అమ్మను పట్టుకుని కూర్చోవడం, అంతే. నాన్నకు నువ్వు చెప్పాల్సిన మాట ఏదో నీ దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత ఎప్పుడో ఫోన్లో ఎవరో "నువ్వే వెలిగించు, నువ్వే చదువు, పక్కన ఎవరూ అక్కర్లేదు" అన్నారు. ప్రశాంతత వచ్చిందంటే రాదా మరి!

మంత్రం చదివితే ఇంకో మనిషి బుద్ధి మారుతుందని, ఉద్యోగం వస్తుందని, రోగం పోతుందని నేను నమ్మను. అది ఇంగ్లీషు మంత్రమైనా, సంస్కృత మంత్రమైనా, మలయాళ మాంత్రికుడిదైనా ఒకటే. కానీ తంతు చేసేవాళ్ళ మీద తంతు పనిచేస్తుంది. చేతులకు పని దొరుకుతుంది, దుఃఖానికి ఒక వేళ, ఒక చోటు ఏర్పడతాయి. నీకు జరిగిన మేలు అదే అనుకుంటున్నా. దాన్ని తీసిపారేయక్కర్లేదు. ఆ మేలును అడ్డుపెట్టుకుని ఎవరో నీకు ఇంకేదో అమ్ముతుంటే మాత్రం చూసుకోవాలి.

విక్కా వేల ఏళ్ళ రహస్య విద్య అని ఆ మేడమ్ చెప్పి ఉంటే, అది చరిత్ర కాదు. ఇంగ్లండులో 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని 1951లో రద్దు చేశారు. ఆ మీదట 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన పుస్తకం వేశాక దీని గురించి నలుగురికీ తెలిసింది. ఆయన సిలోన్‌లో తోటల్లో, ఆ తర్వాత మలయాలో కస్టమ్స్ శాఖలో చాలా ఏళ్ళు గడిపి, రిటైరయ్యాక ఇంగ్లండు చేరిన మనిషి. పాత జానపద ఆచారాలు కొన్ని, లండన్‌లో అప్పటికే నడుస్తున్న గుప్తవిద్యా సంఘాల తంతులు కొన్ని ఇందులో కలిశాయి. డోరీన్ వాలియంటే అనే ఆవిడ పాఠాల్లో చాలావాటిని తిరగరాసింది. దేవి స్వయంగా మాట్లాడుతున్నట్టు ఉండే పాఠం ఒకటి నీ పుస్తకంలో ఉండే ఉంటుంది, ఇప్పుడు చదువుతున్న రూపం ఆవిడ చేతిదే. టారో పేకలు ఇంకా తమాషా. 15వ శతాబ్దపు ఇటలీలో అవి ఆడుకునే పేకలు. జోస్యం చెప్పడానికి వాడటం 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో ఊపందుకుంది. ఇప్పుడు అందరి దగ్గరా కనిపించే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయినవి, గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్ అనే అమ్మాయి.

అంటే ఈ మతం వయసు ఇంచుమించు మీ అవ్వ వయసు. కొత్తదైతే అబద్ధమని కాదు. ప్రతి ఆచారమూ ఏదో ఒక రోజు కొత్తదే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, దీక్ష ఇచ్చే హక్కు ఫలానావాళ్ళకే ఉందని ఇందులో ఎవరూ అనలేరు. ఏ గుంపులోనూ చేరకుండా, ఎవరి దీక్షా లేకుండా ఒంటరిగా పాటించేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. గార్డ్‌నర్ దారిలో నడిచే పాతవాళ్ళేమో దీక్షకు డబ్బు ముట్టుకోకూడదంటారు. మరి 18 వేలు ఏ లెక్కన?

ఇంకొకటి. వాళ్ళ ఎనిమిది పండగలూ అక్కడి చలికి, అక్కడి పంటలకు తగ్గట్టు పెట్టుకున్నవి. అక్టోబర్ 31న వాళ్ళు చలికాలం మొదలైందని పోయినవాళ్ళను తలుచుకుంటారు. మనకు ఆ రోజుల్లో ఈశాన్య రుతుపవనాల వాన, కపిలతీర్థం జలపాతం దూకుతూ ఉంటుంది. పోయినవాళ్ళను తలుచుకోవడానికి మన దగ్గర భాద్రపదంలో మహాలయ పక్షం ఉంది. కొరియర్‌లో రోజ్‌మేరీ తెప్పించుకుంటున్నావేమో తెలియదు కానీ, మీ పెరట్లో తులసి ఉంటే ఆ ఖర్చు దండగ.

ఇప్పుడు ఆ మేడమ్ సంగతి. ఆవిడ అడిగినవి వరసగా చూడు. మొదట భయం పెట్టింది, అదీ మీ నాన్న చావును పట్టుకుని. తర్వాత కొద్దిగా డబ్బు, తర్వాత ఎక్కువ డబ్బు. ఫొటో, పుట్టిన వేళ. ఇంట్లో చెప్పొద్దనడం. అమ్మ తీసుకెళ్తానంటున్న స్వామి కూడా సరిగ్గా ఇదే వరసలో వస్తాడు, కావాలంటే చూడు. ఆయన దగ్గర నెగటివ్ ఎనర్జీ ఉండదు, గాలి సోకింది అంటాడు. తాయెత్తు కడతాడు, అమావాస్యకు మళ్ళీ రమ్మంటాడు. సరుకు వేరు, అంగడి ఒకటే. ఎదురుగా ఉన్న మనిషి భయం తగ్గిస్తే ఈ వ్యాపారం మూతపడుతుంది కాబట్టి, భయాన్ని తగ్గనివ్వరు. నేర్చుకోవాలని వచ్చినదానివి నువ్వు, నిన్ను రోగిని చేసిందావిడ. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఆమెకు ఒకే ఒక్క మెసేజ్ పెట్టు: "నేను మానేస్తున్నాను, నా ఫొటో, వివరాలు తీసేయండి." వాదన వద్దు. చాట్, డబ్బు పంపిన రసీదు స్క్రీన్‌షాట్లు తీసి దాచుకో. బెదిరించినా, శాపనార్థాలు పెట్టినా, ఫొటోతో ఏదైనా చేస్తానన్నా 1930కి ఫోన్ చెయ్యి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. శాపం తగులుతుందేమో అని రాత్రి నిద్ర పట్టకపోతే అది శాపం కాదు, టెన్షన్. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. మనిషిని చూసి మాట్లాడాలనిపిస్తే రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. దుఃఖం రెండేళ్ళయినా తగ్గకపోతే అక్కడికి వెళ్ళడం తలవంపులేమీ కాదు.

అమ్మ దగ్గరికి వద్దాం. నీకు ఆమె మూర్ఖంగా కనిపిస్తూ ఉండొచ్చు. మన వైపు ఒక తల్లి అలా వణికిపోవడానికి కారణం ఉంది. 2021 జనవరిలో మదనపల్లెలో ఏం జరిగిందో నీకూ గుర్తుండే ఉంటుంది. బాగా చదువుకున్న తల్లిదండ్రులు, ఇద్దరూ పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళే, మళ్ళీ బతికొస్తారనే నమ్మకంతో కన్నకూతుళ్ళిద్దరినీ చంపుకున్నారు. ఆ వార్త చదివిన ప్రతి ఇంట్లోనూ నల్ల కొవ్వొత్తి అంటే గుండె జారుతుంది. దానికి తోడు చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు తెలుగు జిల్లాల్లో ఇంకా వస్తూనే ఉన్నాయి. నువ్వు ఎవరికో ఏదో చేస్తావని మాత్రమే కాదు ఆమె ఏడ్చింది. వీధిలో ఎవరి నోటనైనా ఆ మాట పడితే నిన్ను ఏం చేస్తారో అని కూడా. ఆ భయాన్ని వీడియోలు చూపించి పోగొట్టలేవు.

అదే మదనపల్లెలో 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టారు. దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు ఆయన్ను పిల్లవాడిగా ఉండగానే జగద్గురువు అవుతాడని ప్రకటించి, ఆయన పేరు మీద పెద్ద సంఘమే కట్టారు. 1929లో ఆయన ఆ సంఘాన్ని తనే రద్దు చేసి, ఇచ్చిన ఆస్తులు ఎవరివి వాళ్ళకు వెనక్కి ఇచ్చేశారు. దీక్ష ఇస్తానంటూ వెంటపడే మేడమ్‌లు ఒక్కసారి ఆ కథ చదివితే బాగుండు!

అమ్మతో రాత్రిపూట, ఏడుపు మధ్యలో మాట్లాడొద్దు. సెలవు రోజు పొద్దున, అవ్వ కూడా ఉన్నప్పుడు, ఆ పుస్తకం తెచ్చి ముందు పెట్టు. నువ్వే చదివి వినిపించు. నాన్న గురించి రాసుకున్న పేజీలు మొదట చదువు. ఆఫీసు మనిషిని కట్టేసే పేజీ దాచొద్దు. అది దాచి, తర్వాత ఆమెకు దొరికితే మిగతా పుస్తకమంతా అబద్ధమైపోతుంది. ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పు. "కర్మలప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టారమ్మా, నాన్నకు నా చేత్తో ఏమీ చేయలేదు" అన్న మాట ఇన్నాళ్ళూ ఆమెతో అని ఉండవు. అది అను. ఆమె ఏమంటుందో నేను ఊహించను. అవ్వ మాత్రం నీ వైపు ఉంటుందనిపిస్తోంది. కల్లుప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసే చేతులకు ఉప్పు గీత చూస్తే అంత కంగారు ఉండదు.

నాన్న తిథికి ఈసారి నీ చేత్తో తర్పణం వదలాలని ఉందా? పురోహితుణ్ణి అడుగు. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ససేమిరా అంటారు. ఒకరు కాదంటే ఇంకొకర్ని అడగొచ్చు. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ రోజు వంట నువ్వు చెయ్యి, నాన్నకు ఇష్టమైనవి. విస్తరి నువ్వు పెట్టు, నీ మాటల్లో ఏం చెప్పాలో చెప్పు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కొవ్వొత్తికి అక్కర్లేదన్నట్టే.

గుడికెళ్తే ఏమీ అనిపించడం లేదన్నావు. వెళ్ళమని నేను బలవంతపెట్టను. దోష నివారణకు టికెట్ తీసుకుని క్యూలో నిలబడితే నాకూ ఏమీ అనిపించదు. "మన దగ్గర అన్నీ ఉన్నాయి, పరాయివి ఎందుకు" అనే ఉపన్యాసం నీకు బోలెడుమంది ఇచ్చి ఉంటారు, నేనూ ఇవ్వను. కానీ నువ్వు వెతుకుతున్నది నీ ఊళ్ళోనే ఎవరెవరు వెతికారో చూడకుండా వెళ్ళిపోతే బాధేస్తుంది.

మే నెలలో గంగమ్మ జాతర చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంటావు. చూసినదాన్ని ఒకసారి మళ్ళీ ఆలోచించు. పాలెగాడొకడు ఊళ్ళో ఆడవాళ్ళను బతకనిచ్చేవాడు కాదు. గంగమ్మ కన్నెర్ర చేసేసరికి భయపడి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకో వేషం వేసింది: బైరాగి, బండ, తోటి... చివరికి దొర వేషంలో వెళ్తే తన దొర వచ్చాడనుకుని బయటికొచ్చాడు, తల తెగింది. ఆ వేషాలే ఇప్పుడు వారం పాటు వీధుల్లో తిరుగుతాయి. మగవాళ్ళు చీరలు కట్టి, జడలు వేసి, పూలు పెట్టుకుని తాతయ్యగుంట గుడికి మొక్కు తీర్చుకోవడానికి వస్తారు. బండ వేషంలో ఉన్నవాళ్ళు నడివీధిలో బూతులు తిట్టొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆఖరున అమ్మవారి విశ్వరూపం బొమ్మ మట్టిని తీసి పంచితే జనం ఎగబడి తీసుకుని ఇంట్లో దాచుకుంటారు. ఈమె కొండమీది స్వామికి చెల్లెలని నమ్మకం, అందుకే అక్కడి నుంచి సారె వస్తుంది. ఆడదాని కోపం పవిత్రం అని ఒక ఊరు ఊరంతా వారం రోజులు ఒప్పుకోవడం చిన్న సంగతా? విక్కాలో నువ్వు ఇష్టపడ్డది దేవి చేతిలో శక్తి ఉండటమే అయితే, తాతయ్యగుంట దాకా నడిస్తే చాలు. మీ అవ్వను కూర్చోబెట్టి ఆ కథ చెప్పించుకో. ఆడవాళ్ళు ఆడవాళ్ళకు చెప్పుకునే గంగమ్మ కథలో పుస్తకాల్లో లేనివి చాలా ఉంటాయి.

రెండో మనిషి తరిగొండ వెంగమాంబ. 1730లో వాయల్పాడు దగ్గర తరిగొండలో పుట్టింది, చిన్నతనంలోనే పెళ్ళి, చిన్నతనంలోనే వైధవ్యం. తల గొరిగించుకోను, బొట్టు చెరుపుకోను అంది. పిచ్చిదన్నారు, ఊళ్ళో పెద్దలు అడ్డుపడ్డారు. గురువు దగ్గర యోగం నేర్చుకుంది, ఆ తర్వాత తిరుమల చేరింది. అడవిలో తుంబురు కోనలో ఏళ్ళ తరబడి ఒంటరిగా సాధన చేసిందని కథ. ఒంటరిగా, అడవిలో, రాత్రుళ్ళు కళ్ళు మూసుకుని కూర్చునే ఆడమనిషిని ఇంకే ఊళ్ళోనైనా ఏమని పిలిచి ఉండేవాళ్ళో ఆలోచించు. ఆమె తెలుసుకున్నదాన్ని రహస్యమని దాచలేదు, రాజయోగామృతసారమని ద్విపదలో, ఎవరైనా పాడుకునేట్టు రాసిపెట్టింది. 1817లో పోయింది. ఈనాటికీ తిరుమలలో రోజూ ఏకాంత సేవలో స్వామికి ఇచ్చే ముత్యాల హారతి ఆమెదే. కొండమీద మీరు భోజనం చేసి వచ్చే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. అమ్మ అక్కడ ఎన్నిసార్లు తిన్నదో కదా! ఈసారి మాట్లాడేటప్పుడు ఆమె పేరు తీస్తే అమ్మకు నీ వెతుకులాట కాస్త తెలిసిన మొహంలా కనిపించొచ్చు. వెంగమాంబ పుస్తకాలు టీటీడీ వేసింది, తేలిగ్గానే దొరుకుతాయి.

ఆఫీసు మనిషి. ఎవరినైనా కట్టేసి కదలనివ్వకుండా చేసే విద్య మన తంత్ర గ్రంథాల్లోనూ ఉంది. షట్కర్మలనే ఆరు రకాల ప్రయోగాల్లో దీన్ని స్తంభనం అంటారు. అథర్వవేదంలో జ్వరం పోవడానికి, ప్రేమ పుట్టడానికి, శత్రువు నోరు పడిపోవడానికి మంత్రాలున్నాయి. చేతిలో ఇంకే అధికారమూ లేనివాళ్ళు ఎప్పుడూ ఇలాంటివే రాసుకున్నారు. అందుకే నువ్వు రాసుకున్నావని తప్పు పట్టను. అయితే నీ చేతిలో అధికారం ఉంది. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం పదిమంది అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి, దానికి అధ్యక్షురాలు మహిళే. మీ ఆఫీసు అంతకంటే చిన్నదైతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. చివరి సంఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. కారణం ఉంటే ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు. మెసేజ్‌లు చెరపొద్దు. తేదీ, టైము కనిపించేట్టు స్క్రీన్‌షాట్లు తీసి మెయిల్‌లో నీకు నువ్వే పంపుకో. ఎలా రాయాలో తెలియకపోతే 181 మహిళా హెల్ప్‌లైన్‌లో అడుగు. నీ మంత్రాల పుస్తకంలో ఆ పేజీ పక్కన పేజీలో ఈ ఫిర్యాదు చిత్తు రాయడం మొదలుపెట్టు, ఈ వారమే.

కార్డులు ఉంచుకోవచ్చా అన్నావు. ఉంచుకో, బొమ్మలు బాగుంటాయి. ఒక బొమ్మ తీసి దాని గురించి నీకు తోచింది రాసుకుంటే మనసులో ఏముందో నీకే తెలుస్తుంది. పెళ్ళి, ఉద్యోగం, ఎవరి చావు ఎప్పుడు లాంటివి వాటిని అడగొద్దు. స్నేహితురాళ్ళు వచ్చి జోస్యం చెప్పమంటే చెప్పకు, డబ్బు తీసుకుని అసలే చెప్పకు. నల్ల కొవ్వొత్తి మాత్రం కొన్నాళ్ళు పక్కన పెట్టి తెల్లది వాడు. దానికి పెద్ద కారణమేమీ లేదు, అమ్మ నిద్రపోవాలి.